లోపల కూడా కడిగిన రెగ్యులేటర్

"దీన్ని చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేయించారు?"

మెకానిక్ అమ్మాయి ఆ మాట అడిగినప్పుడు తల ఎత్తలేదు. కౌంటర్ మీద పడి ఉన్న రెగ్యులేటర్ వంకే చూస్తోంది. రబ్బరు గొట్టాలు పగుళ్ళిచ్చాయి. ఇత్తడి భాగం చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుపోయింది.

"సర్వీసా? బాగానే పనిచేస్తోంది కదండీ," అన్నాడు అవతలి యువకుడు. డైవింగ్ స్కూల్లో అందరూ అతన్ని 'చేప' అంటారు. బాగా ఈదుతాడని ఆ పేరు వచ్చిందని అతని నమ్మకం. చేపలకి బుర్ర తక్కువని కూడా అంటారు, ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు.

"బాగా పనిచేస్తుంటే ఇక్కడికెందుకు తెచ్చారు?"

"మౌత్‌పీస్ మార్చాలండీ. కొరికి కొరికి చిరిగిపోయింది."

"కొన్నప్పట్నుంచీ ఒక్కసారి కూడా విప్పించలేదా?"

"మూడేళ్ళయింది. ఒక్కరోజు కూడా నన్ను ఏడిపించలేదు. విప్పితేనే పాడవుతాయండీ ఇలాంటివి. మా ఫ్రెండ్స్ అందరూ అదే అంటారు."

"మీ ఫ్రెండ్స్ అందరూ ఇంకా ఉన్నారా?"

చేప నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. అప్పుడు అతను కూడా నవ్వు ఆపేశాడు.

సముద్రంలోకి దిగేవాడి వీపు మీద సిలిండర్ ఉంటుంది. అందులో గాలిని కూరికూరి నింపుతారు. దాన్ని అలాగే నోట్లోకి వదిలితే ఊపిరితిత్తులు పగిలిపోతాయి. సిలిండర్ దగ్గర ఒకసారి, నోటి దగ్గర ఇంకోసారి ఆ ఒత్తిడి తగ్గించి, మనిషికి కావలసినప్పుడు కావలసినంత గాలి అందించేదే రెగ్యులేటర్. నీళ్ళ కింద మనిషికి అమ్మా అదే, నాన్నా అదే. అలాంటి వస్తువుని మూడేళ్ళు పట్టించుకోని మహానుభావులు తమ బైకుని మాత్రం ఆదివారం ఆదివారం షాంపూ పెట్టి కడుగుతారు.

అమ్మాయి వేలితో గోడ మీది బోర్డు చూపించింది. 'రెగ్యులేటర్ సర్వీసు: ఏడాదికోసారి, లేదా వంద డైవ్‌లకోసారి. ఏది ముందైతే అది.'

"వంద డైవ్‌లా? నాకు అవి మూడు నెలల్లో అయిపోతాయి."

"అయితే మూడు నెలలకోసారి రండి. బోర్డు మీకోసమే రాయించాం. మీరు తప్ప అందరూ చదువుతున్నారు."

పక్కనే కుర్చీలో కూర్చున్న ఆ అమ్మాయి నానమ్మ కళ్ళజోడు సర్దుకుంది. షాపు ఆవిడదే. ఒకప్పుడు ఆ రిపేరు బల్ల దగ్గర ఆవిడే కూర్చునేది. చేతులు వణకడం మొదలయ్యాక మనవరాలికి పని నేర్పి, తను కౌంటర్ దగ్గరికి జరిగింది.

"అమ్మడూ, కస్టమర్‌తో అలాగేనా మాట్లాడేది?"

"కస్టమర్ కాదు నానమ్మా, శవం. కాస్త ముందుగా వచ్చింది."

అంటూనే అతని కళ్ళముందే రెగ్యులేటర్ విప్పింది. లోపలి రబ్బరు రింగులు వేలు తగలగానే పుటుక్కున విరిగాయి. మూలమూలనా ఉప్పు రాళ్ళు. ఆమె ఒక రాయిని గోటితో గీకి అతని అరచేతిలో పెట్టింది.

"ఇంట్లో ఉప్పు అయిపోతే వాడుకోండి."

చేప ముఖం ఎర్రబడింది. అప్పటిదాకా ఏ అమ్మాయీ అతని వస్తువుని అంత శ్రద్ధగా చూడలేదు. అంత అసహ్యంగానూ చూడలేదు. రెండూ ఒకేసారి జరిగేసరికి పాపం తట్టుకోలేకపోయాడు. ప్రేమంటే ఇదేనని అక్కడికక్కడే తేల్చుకున్నాడు. కుర్రాళ్ళు ఇలాంటి విషయాలు తేల్చుకోడానికి ఇంతకంటే టైమ్ తీసుకోరు.

రింగులు, గొట్టాలు, మౌత్‌పీస్ అన్నీ మార్చి, కడిగి, బిగించి ఇచ్చింది. ఇక మూడు నెలలదాకా అతనికి ఆ షాపుతో పని లేదు.

వారం తిరక్కుండా ప్రత్యక్షమయ్యాడు.

"ఏమైంది?"

"ఏదో శబ్దం వస్తోందండీ. కుయ్ కుయ్‌మని."

ఆమె సిలిండర్‌కి తగిలించి పీల్చి చూసింది. "ఏ శబ్దమూ లేదు."

"ఇప్పుడు సిగ్గుపడుతోందేమో."

తర్వాతి వారం గాలి రుచి తేడాగా ఉందన్నాడు. ఆ పైవారం ఎడమవైపు నుంచి గాలి ఎక్కువ వస్తోందన్నాడు.

"నోరొకటే కదా, ఎడమేంటి కుడేంటి?" అంది ఆమె.

"మీకు తెలుస్తుందేమోనని."

"నాకు తెలిసిందొకటే. ఏడాదికోసారి చేయించమంటే మూడేళ్ళు చేయించని మనిషి ఇప్పుడు వారానికోసారి విప్పమంటున్నాడు. మధ్యలో ఎక్కడా ఆగడం చేతకాదా మీకు? ఊరికే ఊరికే విప్పితే మరలు అరుగుతాయి. పట్టుకెళ్ళండి."

పట్టుకెళ్ళేవాడు. కానీ అప్పుడే వాన మొదలయ్యేది. ఆ కాలంలో సాయంత్రమయితే వాన పడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు, చేప అందుకే సాయంత్రం వచ్చేవాడు. ప్రేమకథల్లో వాన పడితే ఎవరో ఒకరు తడుస్తూ పరిగెడతారు. ఇక్కడ వాన పడితే చేప చూరు కింద తడిసిన కోడిలా నిలబడి, షాపులోకి దొంగచూపులు చూసేవాడు. ఆ చూపులు అద్దం మీద వాన చుక్కల్లా కాసేపు నిలబడి, జారి, కింద పడిపోయేవి.

మెకానిక్ అమ్మాయి మాత్రం తక్కువ తిందా? సాయంత్రం అయ్యేసరికి చేతుల గ్రీజు సబ్బుతో తోముకోవడం మొదలుపెట్టింది. బయట ఏ బైకు ఆగినా చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగేది. అడిగితే, "ఉక్కపోతగా ఉంది, అందుకే," అనేది. స్క్రూడ్రైవర్‌కి ఉక్కపోతేమిటో ఆమెకే తెలియాలి.

ఒకరోజు షాపునిండా కస్టమర్లున్నారు. చేప వచ్చి వెళ్ళాక నానమ్మ అందరికీ వినబడేలా అడిగింది. "అమ్మడూ, రోగం రెగ్యులేటర్‌కా, ఆ అబ్బాయికా?"

షాపు షాపంతా ఘొల్లుమంది. ఎవరో, "అబ్బాయికే బామ్మగారూ, మందు మీ షాపులోనే ఉంది!" అన్నారు.

మెకానిక్ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. మెకానిక్‌గా పేరు తెచ్చుకోడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ఈ చేప పుణ్యమా అని తను మెకానిక్ కాకుండా 'మందు' అయిపోయింది. ఈసారి వస్తే చెబుతాను వాడి సంగతి, అనుకుంది.

శుక్రవారం వచ్చాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. ముఖంలో ఎప్పటి వెకిలి నవ్వు లేదు.

"ఒకసారి చూడండి. కిందికెళ్తే గాలి బరువుగా వస్తోంది. గట్టిగా లాగాల్సి వస్తోంది."

"ఈవారం బరువా? మొన్నొకసారి రుచి కదూ?"

"ఈసారి నిజమండీ."

"ఈసారి అంటే? అంతకుముందువన్నీ ఏంటి?"

చేప నేల చూపులు చూశాడు. కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కస్టమర్లు మోచేతులతో పొడుచుకున్నారు. నానమ్మ పత్రిక అడ్డం పెట్టుకుంది గానీ ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"ఎల్లుండి ఆదివారం బోటు నాకిచ్చారు," అన్నాడు చేప మెల్లిగా. "మొదటిసారి నేనే లీడ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళని తీసుకెళ్ళాలి. మా తిమింగలం ముందే చెప్పాడు. అంతా సవ్యంగా జరిగితే బోటు ఇక నాదేనట. ఒక్క కస్టమర్ భయపడి వెనక్కి వచ్చినా మళ్ళీ సిలిండర్లు మోసుకోవడమేనట. అందుకే అడుగుతున్నా."

తిమింగలం అంటే డైవింగ్ స్కూల్ ఓనరు. ఆకారం అంతే, గొంతూ అంతే.

మెకానిక్ అమ్మాయి ఇత్తడి భాగం మూత తీసి, రెగ్యులేటర్‌ని సిలిండర్‌కి తగిలించింది. తగిలించేటప్పుడు ఆమె కళ్ళు చేతుల మీద లేవు, నవ్వుతున్న కస్టమర్ల మీద ఉన్నాయి. రెండుసార్లు పీల్చింది. గాలి హాయిగా వచ్చింది.

పైన హాయిగా వచ్చే గాలి లోతుకెళ్తే ఎందుకు బరువెక్కుతుందన్నది ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకి మొదట నేర్పే పాఠం. లోతుకి వెళ్ళేకొద్దీ ఒక్కో ఊపిరికి ఎక్కువ గాలి కావాలి. దారిలో ఎక్కడైనా అడ్డం ఉంటే అప్పుడే తెలుస్తుంది. ఒత్తిడి చూపే గేజు పెట్టి చూడాలి. నానమ్మ ఆమెకి అది నేర్పింది, ఆమె ఎందరికో చెప్పింది. ఆ పూట మాత్రం గేజు డ్రాయర్‌లోనే ఉండిపోయింది.

"మీకు బరువైంది గాలి కాదు, ఖాళీ టైమ్," అంది, అందరికీ వినబడేలా. "దీనికేమీ లేదు. మళ్ళీ మూడు నెలలదాకా ఈ మొహం... ఈ రెగ్యులేటర్ నాకు చూపించకండి."

కస్టమర్లు పకపకా నవ్వారు. అమ్మాయి గెలిచింది. చేప రెగ్యులేటర్ తీసుకుని, వాన పడుతున్నా చూరు కింద ఆగకుండా వెళ్ళిపోయాడు.

బుద్ధున్నవాడైతే స్కూల్లో ఇంకో రెగ్యులేటర్ అడిగి తీసుకునేవాడు. కానీ ఆమె బాగుందంటే బాగున్నట్టే అనుకున్నాడు. ఎంత తిట్టినా పనిలో ఆమె మాట తిరుగులేనిదని అతని నమ్మకం. ప్రేమలో ఇలాంటి నమ్మకాలే మనుషుల్ని ముంచుతాయి. ఇక్కడ మాటవరసకి కాదు, నిజంగానే.

ఆదివారం సముద్రం ప్రశాంతంగా ఉంది. బోటు నిండా కొత్తవాళ్ళు, బిగుతు సూట్లలో కదల్లేక కూర్చున్నారు. చేప అందరికీ ధైర్యం చెప్పి, లంగరు తాడు పట్టుకుని ముందు తనొక్కడే దిగాడు, కింద ఎలా ఉందో చూసి రావడానికి.

సగం దూరం దిగేసరికి గాలి బరువెక్కింది. ఇంకాస్త దిగేసరికి తడిగుడ్డలోంచి పీల్చినట్టయింది. అవసరానికని పక్కన వేలాడే రెండో మౌత్‌పీస్ నోట్లో పెట్టుకున్నాడు. అదీ అంతే. రెండూ ఆ ఇత్తడి దగ్గర్నుంచే కదా రావాలి. నేర్చుకున్నది గుర్తుతెచ్చుకుని, ఉన్న గాలిని కొద్దికొద్దిగా వదులుతూ పైకొచ్చాడు.

నీళ్ళలోంచి అతని తల బయటపడేసరికి ముఖం కందగడ్డలా ఉంది. దగ్గాడు, వాంతి చేసుకున్నాడు. బోటు అంచు పట్టుకుని, "ఏం ఫర్వాలేదు, అంతా సేఫ్," అని కొత్తవాళ్ళకి చెప్పాడు. అది విని మొదటి వరుసలో ఉన్నావిడ అక్కడే సూటు జిప్పు లాగేసింది. ఆవిడ వెనక ఒక్కొక్కరే. బోటు వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నానికి తిమింగలం షాపులోకి వచ్చాడు. వెనకాల చేప, తల వేలాడేసుకుని. తిమింగలం రెగ్యులేటర్‌ని కౌంటర్ మీద ధడాల్న పడేశాడు.

"మూడేళ్ళు ఎవ్వడూ ముట్టుకోకపోయినా పనిచేసింది. మీ చెయ్యి పడ్డాక రెండు నెలలకి చచ్చింది. ఇదేనా అమ్మాయ్ మీ సర్వీసు? వీడు కిందనుంచి ఎలా వచ్చాడో తెలుసా? మా స్కూల్ సామానంతా మీ దగ్గరే చేయిస్తున్నాం. ఇంకెంతమందిని చంపుదామని?"

మెకానిక్ అమ్మాయి చేప ముఖం చూసింది. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి. మూత తీసింది. గాలి లోపలికి వెళ్ళే దారిలో చిన్న ఫిల్టర్ ఉంటుంది, వేలిగోరంత. అది నాచు పట్టిన రాయిలా పచ్చగా పూడుకుపోయింది.

శుక్రవారం ఒక్క చూపు చూస్తే చాలు, కనబడేది.

"మూత తీసి నీళ్ళలో పెట్టారా?" అంది.

"మూత తీసి ఎవడైనా కడుగుతాడా?" అన్నాడు తిమింగలం. "మూత తీస్తే నీళ్ళు లోపలికి పోవూ? నిన్న చేరిన పిల్లకాయకి కూడా తెలుసు!"

"నేనే కడిగాను సార్," అన్నాడు చేప. "మూత తీసి, గాలి వదిలే బటన్ కూడా నొక్కి, రోజూ టబ్బులో ముంచి కడిగాను. లోపల కూడా శుభ్రపడుతుందని."

ఆ టబ్బులో స్కూలంతా తమ సామాను ముంచుతుంది. సాయంత్రానికి అందులో ఉండేది సగం సముద్రమే. మూడేళ్ళు ఒక్కసారీ కడగనివాడు, కడగడం మొదలుపెట్టి, దాన్ని చంపేశాడు.

"పచ్చగా కనబడలేదట్రా?"

"కనబడింది సార్. ఇత్తడి కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నా."

తిమింగలం నుదురు కొట్టుకున్నాడు. "నిన్ను చేప అన్నవాడెవడో గానీ, చేపలు కేసు పెట్టాలి. మరి తేడాగా ఉన్నప్పుడు వీళ్ళకి చూపించి చావొచ్చు కదా?"

"చూపించలేదు సార్. వీళ్ళ తప్పేం లేదు. సర్వీసు తర్వాత నేనసలు ఇటువైపే రాలేదు."

తిమింగలం గొంతు తగ్గించాడు. నానమ్మ వైపు తిరిగి, "క్షమించండి బామ్మగారూ, తెలీక అరిచాను," అన్నాడు.

అంతే, అయిపోయింది. షాపు పేరు నిలబడింది. మెకానిక్ అమ్మాయి నోరు మూసుకుంటే చాలు. నానమ్మ మనవరాలి వైపు చూస్తోంది.

"అబద్ధం," అంది అమ్మాయి.

చేప ఉలిక్కిపడ్డాడు. "ఏంటండీ అబద్ధం?"

"వచ్చారు. శుక్రవారం తెచ్చారు."

"తేలేదు."

"తెచ్చారు. నీలం చొక్కా వేసుకుని."

"అది... అది వేరే పని మీద."

"ఏం పని?"

చేప నోరు తెరిచి మూశాడు. అచ్చం చేపలాగే.

"కిందికెళ్తే బరువుగా ఉందని చెప్పారు," అంది ఆమె తిమింగలంతో. "నేను గేజు పెట్టలేదు. ఫిల్టర్ చూడలేదు. పదిమందిలో జోకేసి పంపించేశాను. కడిగి పాడుచేసింది ఈయన. చూడకుండా నీళ్ళలోకి తోసింది నేను."

"మీరేం తొయ్యలేదు. నేను రోజూ అబద్ధాలు చెబితే మీరెలా నమ్ముతారు?"

"మిమ్మల్ని నమ్మక్కర్లేదు. మూత తీసినప్పుడు లోపలికి ఒక్క చూపు చూస్తే చాలు. అదీ చెయ్యలేదు."

"తప్పు నాదంటుంటే అర్థం కాదా మీకు?"

"ఆ తప్పు కూడా మీకే కావాలా? అన్నీ మీకే కావాలా?"

తిమింగలం ఒకసారి ఇటు, ఒకసారి అటు చూశాడు. అతని ముఖంలో నెమ్మదిగా ఏదో వెలిగింది. వెలిగాక ఇంకా మండిపోయాడు.

"ఓహో! మీ సరసానికా నా బోటు వెనక్కొచ్చింది? ఒరేయ్, ఈ సీజనంతా నువ్వు సిలిండర్లు మొయ్యి. బోటు ఊసెత్తితే తోలు తీస్తా. నువ్వమ్మాయ్..."

"దాని సంగతి నేను చూసుకుంటాను," అని నానమ్మ లేచి నిలబడింది. "ఈవారం ఆ బల్ల ముట్టుకోకే. కస్టమర్ అబద్ధాలకోరే కావచ్చు. వస్తువుకి అబద్ధం రాదు. నువ్వు దాన్ని అడగలేదు." తర్వాత తిమింగలంతో, "వారమంతా మీ సామాను నేను చూస్తాను. చేతులు వణుకుతాయి, కళ్ళు వణకవు," అంది.

తిమింగలం గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నానమ్మ వెనక గదిలోకి వెళ్ళింది, తలుపు అనవసరంగా గట్టిగా వేసుకుంటూ.

చేప మాత్రం కదల్లేదు. ఎండ కాస్తోంది. వాన సాకు కూడా లేదు పాపం.

"బోటు పోయింది," అంది ఆమె.

"పోయింది."

"నేను నోరు మూసుకుని ఉంటే నా పేరు నిలబడేది. మీ బోటు ఎటూ పోయేదే."

"అందుకే కదా అబద్ధం చెప్పాను. అదొక్కటైనా పనికొస్తుందని. మీరు సాగనిస్తేగా?"

"మీకు అబద్ధం చెప్పడం కూడా చేతకాదు. ఎడమవైపు గాలి అన్నప్పుడే తెలిసింది." ఆమె పచ్చబడ్డ ఫిల్టర్‌ని వేళ్ళ మధ్య తిప్పింది. "మూత తీసి ఎందుకు కడిగారు? బయట కడిగితే చాలదా?"

"బయట చాలదనుకున్నా. మొదటిసారి మీరు విప్పినప్పుడు లోపల ఉప్పు చూసి మీ ముఖం ఎలా పెట్టారో గుర్తుందా? మళ్ళీ ఎప్పుడైనా మీరు విప్పితే..." చేప ఆగాడు. "లోపల శుభ్రంగా కనబడాలని."

మెకానిక్ అమ్మాయి ఫిల్టర్‌ని కౌంటర్ మీద పెట్టేసింది.

"ఇంత తెలివితక్కువ మనిషిని నేనెక్కడా చూడలేదు," అంది. తిట్టే. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పైకి రాకపోయి ఉంటే?"

"వచ్చాను కదా."

"రాకపోయి ఉంటే!"

చేపకి ఏం చెప్పాలో తెలియలేదు. తెలియనప్పుడు మాట్లాడకుండా ఉండటం అతను జీవితంలో చేసిన మొదటి తెలివైన పని. ఆమె ముఖం భుజానికేసి తుడుచుకుంది.

"విను," అంది. ఎప్పుడు 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగిందో ఇద్దరూ గమనించలేదు. "ఇంకెప్పుడూ ఏదో పాడైందని చెప్పి ఇక్కడికి రాకు. నిజంగా పాడైతే తీసుకురా, చూస్తాను. ప్రాణం పెట్టి చూస్తాను. పాడవనప్పుడు..."

"పాడవనప్పుడు?"

"చేతులూపుకుంటూ రా."

చేప ఆ మాటని ఒకసారి లోపలికి పీల్చుకున్నాడు. చాలా తేలిగ్గా వెళ్ళింది.

మర్నాడు సాయంత్రం వచ్చాడు. అంతదాకా సిలిండర్లు మోసిన భుజాలు ఎర్రగా కమిలి ఉన్నాయి. కౌంటర్ ముందు నిలబడితే, చేతుల్లో ఏమీ లేకపోయేసరికి వాటినేం చెయ్యాలో తోచలేదు. జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు, వెనక్కి కట్టుకున్నాడు. బల్ల ముట్టుకోకూడదని శిక్ష పడ్డ అమ్మాయి గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని ఇదంతా చూసి, నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

రిపేరు బల్ల దగ్గరున్న నానమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఏం పాడైందబ్బాయ్?"

"ఏం పాడవలేదండీ. ఊరికే వచ్చాను."

నానమ్మ చేతిలోని రెగ్యులేటర్ పక్కన పెట్టింది. అతన్ని కిందినుంచి పైదాకా, మూత తీసి చూసినట్టు చూసింది.

"పనిమీద వచ్చేవాళ్ళు కౌంటర్ దగ్గర నిలబడతారు," అంది. "ఊరికే వచ్చినవాడివి అక్కడ నిలబడతావేం? లోపలికి రా."